యమహా ఎ-ఎస్301 యాంప్లిఫైయర్: కొన్నేళ్లు వాడాక నా సమీక్ష

స్టీరియో యాంప్ కొనేవాళ్లు ముందు వాట్ల గురించే అడుగుతారు. దీనిది 8 ఓమ్‌ల స్పీకర్లకి ఛానెల్‌కి 60 వాట్లు. నల్లకుంటలో మా ఫ్లాట్ హాలుకి వాల్యూమ్ సగం దాకా తిప్పాల్సిన అవసరం ఇంతవరకూ రాలేదు. పాత పాటల్లో గొంతు ముందుకొచ్చి, హాయిగా వినిపిస్తుంది. శబ్దం విషయంలో నాకు ఏ లోటూ లేదు. నన్ను ఇబ్బంది పెట్టినవన్నీ కనెక్షన్లే. అందుకే ఎక్కువగా వాటి గురించే రాస్తున్నాను.

మొదటిది హమ్. కేబుల్ సెట్‌టాప్ బాక్సుని, డెస్క్‌టాప్ కంప్యూటర్‌ని ఆర్‌సీఏ వైర్లతో (ఎరుపు, తెలుపు పిన్నులుండే మామూలు ఆడియో వైర్లు) యాంప్‌కి కలిపాక స్పీకర్లలో గుయ్యిమని ఒకటే మోత. సీడీ ఇన్‌పుట్‌కి మారిస్తే నిశ్శబ్దం. అంటే యాంప్ బాగానే ఉంది. ఇలాంటప్పుడు ఒక్కో వైరూ పీకి చూడటమే దారి. బాక్సుకి వచ్చే కేబుల్ టీవీ వైరు తీయగానే మోత ఆగింది. దాన్ని పెట్టి కంప్యూటర్ వైరు తీసినా ఆగింది. కేబుల్ పైపొరకి ఎర్త్ బయటెక్కడో ఉంటుంది, కంప్యూటర్ మూడు పిన్నుల ప్లగ్‌కి ఎర్త్ మన ఇంట్లో ఉంటుంది. ఆ రెండూ యాంప్ దగ్గర కలిసినప్పుడు ఆడియో వైరు పైపొర గుండా కొద్దిగా కరెంటు పారుతుంది. మనకి వినిపించేది ఆ 50 హెర్ట్‌జ్ మోతే. ఎర్త్ పిన్ను విరిచేయమని సలహా ఇచ్చేవాళ్లు ఉంటారు. దయచేసి ఆ పని చేయొద్దు, షాక్ కొడితే ప్రాణానికే ప్రమాదం.

నేను బాక్సు ఆడియోని హెచ్‌డీఎంఐలో టీవీకిచ్చి, టీవీ నుంచి యాంప్‌కి ఆప్టికల్ కేబుల్ వేశాను. అందులో వెళ్లేది వెలుగు కాబట్టి రెండు ఎర్త్‌లూ కలిసే అవకాశమే లేదు. మోత పూర్తిగా పోయింది. ఒక్క జాగ్రత్త: యాంప్‌కి పీసీఎం (కుదించని మామూలు డిజిటల్ ఆడియో) తప్ప డాల్బీ (కుదించి పంపే సరౌండ్ ఆడియో) అర్థం కాదు. కొన్ని ఛానెళ్లకి శబ్దం వచ్చి కొన్నిటికి రాకపోతే కంగారుపడకుండా టీవీ సౌండ్ సెట్టింగుల్లో డిజిటల్ అవుట్‌పుట్‌ని పీసీఎంకి మార్చండి.

స్పీకర్ వైర్ల దగ్గర చాలామంది తొందరపడతారు. కోఠి గుజరాతీ గల్లీలో మంచి రాగి వైరు, బనానా ప్లగ్గులు (వైరు కొసకి బిగించి యాంప్‌లో గుచ్చే పిన్నులు) దొరుకుతాయి. ప్లగ్గు లేకుండా వైరే బిగిస్తే ఒక్క పోగు కూడా బయటికి రాకుండా గట్టిగా మెలిపెట్టాలి. ప్లస్, మైనస్ పోగులు తగిలాయంటే యాంప్ తనని తాను కాపాడుకోడానికి ప్రొటెక్షన్‌లోకి వెళ్లి ఆగిపోతుంది. మా బావ వాళ్లింట్లో ఇంకో రకం సమస్య. బేస్ అసలు లేదు, పాడేవాళ్ల గొంతు మధ్యలో నిలవడం లేదు. ఒక స్పీకర్‌కి ప్లస్, మైనస్ తారుమారయ్యాయి. వైరు మీద గుర్తు చెరిగిపోతే, యాంప్ వైపు విప్పేసి ఆ రెండు కొసలకి ఒకటిన్నర వోల్టుల పెన్సిల్ సెల్ క్షణంపాటు తాకించండి. ఊఫర్ (బేస్ పలికే పెద్ద కోన్) ముందుకి కదిలితే సెల్ ప్లస్ తగిలిన వైరే ప్లస్.

రికార్డ్ ప్లేయర్ ఉన్నవాళ్లకి ఇందులో ఫోనో ఇన్‌పుట్ ఉంది. మామూలు ఎంఎం (మూవింగ్ మాగ్నెట్) కార్ట్‌రిడ్జ్, అంటే సూది ఉండే భాగం, ఇచ్చేది కొన్ని మిల్లీవోల్టులే కాబట్టి వేరే ఇన్‌పుట్‌లో పెడితే వినీ వినిపించకుండా ఉంటుంది. ప్లేయర్‌లోనే ప్రీయాంప్ (ఆ చిన్న సిగ్నల్‌ని ముందే పెంచే సర్క్యూట్) ఉంటే అదీ, ఈ ఫోనో ఇన్‌పుటూ రెంటిలో ఏదో ఒకటే వాడాలి, రెండూ కలిస్తే శబ్దం పగిలిపోతుంది. ప్లేయర్ గ్రౌండ్ వైరు బిగించడం మరవొద్దు.

మన ఎండాకాలంలో దీని పైన సెట్‌టాప్ బాక్సు కాదు కదా, గుడ్డ కూడా కప్పకూడదు. పైన గాలి ఆడితే సాయంత్రమంతా పాడినా గోరువెచ్చగానే ఉంటుంది.

బ్లూటూత్ లేదు, చిన్న రిసీవర్ పెట్టుకుంటే సరిపోతుంది. హెచ్‌డీఎంఐ కూడా లేదు, అది మాత్రం కొనేముందే చూసుకోవాలి. మీ టీవీకి ఆప్టికల్ అవుట్ లేకుండా ఏఆర్‌సీ (టీవీ శబ్దాన్ని హెచ్‌డీఎంఐ వైరులోనే బయటికి పంపే ఏర్పాటు) ఒక్కటే ఉంటే, ఏఆర్‌సీ ఉన్న వేరే యాంప్ తీసుకోండి.