అలాస్కా మూస్ వేట: పౌండ్ల లెక్క, రోజుల లెక్క

అలాస్కాలో మూస్ (దుప్పి జాతికి చెందిన భారీ జంతువు) వేటకు వెళ్లి వచ్చినవారు ఎక్కువగా కొమ్ముల వెడల్పు గురించే చెబుతారు. సెప్టెంబరులో నేనూ మా బావమరిదీ గైడు వెంట పది రోజులు వేటకు వెళ్లాము. చిన్న విమానం ఎన్ని పౌండ్లు మోయగలదు, వాతావరణం ఎన్ని రోజులు మింగగలదు అన్న రెండు లెక్కలే ఆ ప్రయాణాన్ని మొదటి నుంచి చివరి దాకా నడిపించాయి. అందుకే ఇక్కడ వేట కన్నా ఆ ఏర్పాట్ల గురించే ఎక్కువగా రాస్తున్నాను.

అసలు గైడు అవసరమా అన్న ప్రశ్న దగ్గరే మా ఇద్దరి దారులు వేరయ్యాయి. వేరే రాష్ట్రాల నుంచి వచ్చే అమెరికా పౌరులు గోధుమరంగు ఎలుగుబంటి, డాల్ అనే అడవి గొర్రె, కొండమేకలను వేటాడాలంటే లైసెన్సు ఉన్న గైడో, అలాస్కాలో నివసించే దగ్గరి బంధువో వెంట ఉండాలి. మూస్‌కు ఆ నిర్బంధం లేదు. అమెరికా పౌరసత్వం గానీ, అక్కడ శాశ్వత నివాసం గానీ లేని విదేశీయులకు మాత్రం బిగ్ గేమ్ (పెద్ద వేట జంతువులు) కింద లెక్కించే ఏ జంతువుకైనా గైడు తప్పనిసరి. మా బావమరిది పౌరుడు, నేను వర్క్ వీసా మీద ఉన్నవాణ్ణి. అతడొక్కడే అయితే, అడవిలో దించి చెప్పిన రోజున వచ్చి ఎక్కించుకుపోయే ట్రాన్స్‌పోర్టరుతో తక్కువ ఖర్చులో పని జరిగిపోయేది. రుసుములలోనూ అదే తేడా కనిపించింది: వేట లైసెన్సుకు అతడికి 160 డాలర్లు, నాకు 630, మూస్ ట్యాగుకు (ఆ జంతువును కొట్టడానికి విడిగా కొనే అనుమతి చీటీ) అతడికి 800, నాకు 1,000. "బావా, మూస్ కన్నా నీ పాస్‌పోర్టే బరువుగా ఉంది" అని వాడు విమానాశ్రయం దాకా నవ్వుతూనే ఉన్నాడు.

నాలాంటి స్థితిలో ఉన్నవారు మరో విషయం ముందే చూసుకోవాలి. వర్క్ వీసా లాంటి వలసేతర వీసా మీద ఉన్నవారు తుపాకి దగ్గర ఉంచుకోవడాన్ని అమెరికా ఫెడరల్ చట్టం సాధారణంగా నిషేధిస్తుంది. చెల్లుబాటులో ఉన్న వేట లైసెన్సు ఉండటం ఆ నిషేధానికి ఉన్న మినహాయింపులలో ఒకటి. కాబట్టి లైసెన్సును చివరి వారానికి వదిలేయకుండా మొదటే తీసుకుని, ఒక ప్రతిని రైఫిల్ పెట్టెలోనూ, మరొకటి పాస్‌పోర్టుతోనూ ఉంచుకున్నాను.

గైడు ఎంపికకు మాకు నాలుగు నెలలు పట్టింది, అందులో ఒక్క రోజు కూడా వృథా కాలేదని ఇప్పుడు అనిపిస్తోంది. అలాస్కాలో గైడు ఒకేసారి మూడు ప్రాంతాలకు మించి నమోదు చేసుకోవడానికి వీలులేదు. అతడి లైసెన్సు స్థితిని రాష్ట్ర ప్రభుత్వ జాబితాలో ఎవరైనా చూసుకోవచ్చు. మొదట మాట్లాడిన ఒకరు ఫొటోలు ధారాళంగా పంపారు గానీ, వాతావరణం బాగాలేక ఆగిపోయిన రోజులకు బస ఖర్చు ఎవరిది, మాంసం తేవడానికి విమానం అదనంగా తిరగవలసి వస్తే ఆ డబ్బు ప్యాకేజీలో ఉందా అని అడిగినప్పుడల్లా "అవన్నీ చూసుకుందాం" అని దాటవేశారు. మేము చివరికి కుదుర్చుకున్న గైడు మనిషికి 20,000 డాలర్లకు పైనే అడిగాడు. కానీ ఈ రెండు ప్రశ్నలకూ ఒప్పందంలోనే రాతపూర్వకంగా జవాబిచ్చాడు: మాంసం కోసం ఒక అదనపు విమాన ప్రయాణం ప్యాకేజీలోనే ఉంది, పట్టణంలో ఆగిపోయే రోజుల ఖర్చు మాది. రెండో మాట మాకు నచ్చలేదు, అయినా ముందే తెలిసింది కాబట్టి డబ్బు పక్కన పెట్టుకున్నాము.

మా దారి ఆంకరేజ్ మీదుగా కింగ్ సామన్‌కు, అక్కడి నుంచి నీటి మీద దిగే విమానంలో శిబిరానికి. ఆంకరేజ్‌కు సుమారు 290 మైళ్ల దూరంలో ఉన్న కింగ్ సామన్‌కు రోడ్డు మార్గం లేదు. ఒకప్పటి వైమానిక దళ స్థావరం కావడం వల్ల ఊరికి మించిన రన్‌వే ఉంది, అందుకు తగినన్ని గదులు మాత్రం లేవు. పక్కనే ఉన్న కట్మాయ్ జాతీయ ఉద్యానంలో ఎలుగుబంట్లను చూడటానికి వచ్చేవారి తాకిడి సెప్టెంబరులో కూడా ఉంటుంది. మేము ఒక్క రాత్రికే గది తీసుకున్నాము, ఆగవలసి వచ్చింది మాత్రం మూడు రాత్రులు. మబ్బు కిందికి దిగడంతో నక్నెక్ నది మీద విమానాలు కట్టివేసినట్టు ఉండిపోయాయి. రెండో రాత్రి నుంచి గది ఇంకొకరికి ఇచ్చేశారు. మాకు దొరికినది వేడినీళ్లు సరిగా రాని ఒక చిన్న క్యాబిన్, అదీ మొదటి గది కన్నా ఎక్కువ అద్దెకు. ఇలాంటి ఊళ్లో రెండు రాత్రులు అదనంగా తీసుకుని, అవసరం లేకపోతే వదులుకోవడమే చవక.

సామాను విషయంలో రెండు రకాల నియమాలు ఒకదానితో ఒకటి పొసగవు. పెద్ద విమానంలో రైఫిల్‌ను తూటాలు తీసేసి, తాళం వేసిన గట్టి పెట్టెలో పెట్టి, కౌంటరు దగ్గర చెప్పి అప్పగించాలి. తూటాలను సాధారణంగా 11 పౌండ్లకు మించి తీసుకుపోనివ్వరు. చిన్న విమానం పైలట్ అదే గట్టి పెట్టెను చూసి తల అడ్డంగా ఊపుతాడు, మెత్తటి సంచీలే కావాలంటాడు. మేము పెట్టెలను కింగ్ సామన్‌లోనే దాచి, రైఫిళ్లను గుడ్డ తొడుగుల్లోకి మార్చాము. మనిషికి 60 పౌండ్లు అన్నారు, నా సంచీ 71 తూగింది. రెండో జత బూట్లు, మూడు పుస్తకాలు, ఎందుకు పెట్టుకున్నానో ఇప్పటికీ తెలియని ఒక ఇస్త్రీ చొక్కా ఒడ్డునే ఉండిపోయాయి. ఎలుగుబంట్లను తరిమే స్ప్రేను గానీ, స్టవ్ గ్యాస్ డబ్బాలను గానీ ప్రయాణికుల విమానంలో ఏ సంచీలోనూ ఒప్పుకోరు. వాటిని అక్కడికి చేరాకే కొనుక్కుని, చిన్న విమానం పైలట్‌కు ముందుగా చెప్పాలి. అతడు స్ప్రేను మాతో క్యాబిన్‌లో ఉంచకుండా విమానం కింద ఉండే తేలుడు తొట్టిలోని అరలో పెట్టాడు.

విమానంలో వచ్చిన రోజున వేటాడరాదు. మరునాడు తెల్లవారుజామున 3 గంటలు దాటాకే తుపాకి ఎత్తాలి. వాతావరణం తిన్న రోజులకు ఇది కూడా కలిపి మా పది రోజులలో మూడు పోయాయి. శిబిరంలో రెండు నిద్ర గుడారాలు, ఒక వంట గుడారం, నూనెతో మండే పొయ్యి ఉన్నాయి. లాడ్జిలో ఉండి రోజూ పడవలో వెళ్లే పద్ధతి కూడా మా ముందుకు వచ్చింది. అందులో బట్టలు ఆరతాయి, మంచి నిద్ర పడుతుంది, కానీ ఉదయం సాయంత్రం చెరో గంట పడవలోనే గడుస్తుంది. మూస్ బయటికి వచ్చేది ఆ వేళల్లోనే. తడిసిన సాక్సులతో పడుకున్నా, గుడారానికే నా ఓటు. గైడు ఆఖరి రోజున కూడా సహనం కోల్పోలేదు. కొమ్ముల వెడల్పు నిబంధన అడిగే 50 అంగుళాలు ఉందో లేదో తేలనప్పుడు, నుదుటి వైపు కొనలు లెక్కపెట్టేదాకా ట్రిగ్గరు మీద వేలు పెట్టనివ్వలేదు.

మా బావమరిది ఏడో రోజున ఒక మూస్‌ను కొట్టాడు. నాకు దొరకలేదు, ఒప్పందంలో దానికి హామీ లేదు కూడా. పెద్ద మగ మూస్ నుంచి సుమారు 500 పౌండ్ల మాంసం వస్తుంది, తినదగ్గ మాంసాన్ని అడవిలో వదిలేయడం నేరం. బీవర్ అనే ఆ చిన్న విమానం మోసేదే సుమారు 1,000 పౌండ్లు కాబట్టి, ఇద్దరు మనుషులు, సామాను, మాంసం, కొమ్ములు ఒకే ప్రయాణంలో సరిపోవు. మాంసం ముందు వెళ్లింది, మేము మరునాడు వెళ్లాము. ఒప్పందంలోని ఆ ఒక్క వాక్యం మాకు వందల డాలర్లు మిగిల్చింది.

మాంసం కోసే దుకాణాన్ని ముందుగా కుదుర్చుకోవడం మరిచిపోయాము, ఇది పూర్తిగా మా తప్పే. సీజను మధ్యలో ఆంకరేజ్‌లో అడిగిన రెండు చోట్లా వారం పడుతుందన్నారు. ఫ్రీజరు ఉందని చెప్పిన హోటలులో అది అప్పటికే చేప పెట్టెలతో నిండిపోయి ఉంది. చివరికి మూడో దుకాణం ఒప్పుకుని, మాంసాన్ని 50 పౌండ్ల పెట్టెల్లో గడ్డకట్టించి ఇచ్చింది. వాటిలో నాలుగు మాతో విమానంలో వచ్చాయి, మిగిలినవి కార్గోలో ఆరు రోజుల తర్వాత చేరాయి. తేదీ మార్చుకునే వీలున్న టికెట్లు తీసుకోవడానికి మా బావమరిది మొదట గొణిగాడు. రెండుసార్లు మార్చాక ఇంక ఆ మాట ఎత్తలేదు.