పంది కాపాడిన ఊరికి గద్ద జెండా: రొమాంటిక్ రోడ్డు మీద నాలుగు రోజులు

మా బావ 2025 మేలో హైదరాబాద్ నుంచి మూడు వారాలకి వచ్చాడు. న్యూరెంబెర్గ్‌లో నా ఒంటి గది ఫ్లాట్‌లో నాలుగు రోజులు గడిచేసరికి ఇద్దరికీ విసుగొచ్చింది. "నాకు ఆ సినిమా కోట ఒక్కటి చూపించరా బామ్మర్దీ, ఇంకేం అడగను" అన్నాడు. సినిమా కోట అంటే నోయ్‌ష్వాన్‌స్టైన్. సరే బావా, కోట చివరి రోజు, దానికి ముందు మూడు రోజులు నేను చెప్పిన చిన్న ఊళ్లకి రావాలి అని బేరం పెట్టాను. నా పిచ్చి ఏంటంటే ఊళ్ల జెండాలు. జర్మనీలో మన పంచాయతీ అంత ఊరికి కూడా సొంత లాంఛనం, సొంత జెండా ఉంటాయి. ఆ లాంఛనాన్ని వాపెన్ అంటారు. ఒక డాలు, దాని మీద సింహమో చెట్టో తాళంచెవో. టౌన్ హాల్ గోడ మీద, ఫైరింజన్ మీద, చివరికి మ్యాన్‌హోల్ మూత మీద కూడా అదే కనిపిస్తుంది.

వాటిలో నాకు బాగా ఇష్టమైనవి "మాట్లాడే వాపెన్‌లు". జర్మన్ వాళ్లు కూడా అదే మాట వాడతారు. అంటే బొమ్మ చూస్తే ఊరి పేరు తెలిసిపోవాలి. రొమాంటిక్ రోడ్డు, అంటే వ్యూర్ట్స్‌బుర్గ్ నుంచి ఫ్యూసెన్ దాకా టూరిస్టుల కోసం పేరు పెట్టిన ఆ దారి మీద ఇలాంటివి వరసగా తగులుతాయి, అందుకే ఆ దారి ఎంచుకున్నాను.

టికెట్ల సంగతి ముందే చెప్పేస్తాను, ఎందుకంటే అందరూ అదే అడుగుతారు. ఇద్దరం డాయిచ్‌లాండ్ టికెట్ మీద తిరిగాం, అప్పుడు నెలకి 58 యూరోలు. లోకల్, రీజినల్ రైళ్లు, బస్సులు అన్నిట్లో చెల్లుతుంది, దూరం వెళ్లే ఎక్స్‌ప్రెస్ రైళ్లలో చెల్లదు. కానీ అది నెలనెలా దానంతట అదే రెన్యూ అయ్యే చందా, ఆ నెల 10వ తేదీలోపు రద్దు చేసుకోకపోతే వచ్చే నెల డబ్బులు కూడా పోతాయి. బావది నా కార్డు మీద తీసుకుని, తీసుకున్న రోజే రద్దు కూడా పెట్టేశాను. రెండు మూడు రోజులకే అయితే బయర్న్ టికెట్, అంటే బవేరియా రాష్ట్రంలో చెల్లే ఒక రోజు టికెట్, ఏ రోజుకారోజు తీసుకుంటే చాలు, కాకపోతే మామూలు రోజుల్లో పొద్దున 9 దాటాకే చెల్లుతుంది.

మొదటి ఊరు రోతెన్‌బుర్గ్ ఓబ్ డెర్ టౌబెర్. ఆన్స్‌బాఖ్‌లో ఒకసారి, స్టైనాఖ్‌లో ఒకసారి రైలు మారాలి. స్టేషన్ నుంచి పాత ఊరి గోడ దాకా పది నిమిషాల నడక. ఊరి పేరులో 'రోట్' అంటే ఎరుపు, 'బుర్గ్' అంటే కోట. వాపెన్ ఏముంటుంది? తెల్ల డాలు మీద రెండు బురుజుల ఎర్ర కోట. అంతే. చిన్నపిల్లాడికి కూడా అర్థమవుతుంది.

ఇక్కడే నా పరువు పోయింది. ఒక ఇంటి ముందు ఎరుపు తెలుపు జెండా ఎగురుతోంది, కింద నుంచి మూడు తెల్ల మొనలు లేచినట్టు ఉంది. "చూడు బావా, ఇదే ఈ ఊరి జెండా, ఆ మొనలే కోట గోడ" అని పెద్ద పండితుడిలా చెప్పాను. పక్కనే పూలకుండీలకి నీళ్లు పోస్తున్న పెద్దావిడ ఇంగ్లీషు విని నవ్వి, "అది రోతెన్‌బుర్గ్‌ది కాదు నాయనా, ఫ్రాంకెన్‌ది" అంది. దాన్ని వాళ్లు ఫ్రాంకెన్ రెచెన్ అంటారు, రెచెన్ అంటే గడ్డి పోగు చేసే పళ్ల పార. ఫ్రాంకెన్ అనే ఆ ప్రాంతం ఉన్నది బవేరియా రాష్ట్రంలోనే, కానీ అక్కడి వాళ్లని బవేరియన్ అని పిలిచి చూడండి, తెలంగాణ మనిషిని ఆంధ్రా అన్నట్టే ఉంటుంది. ఆ తర్వాత నాలుగు రోజులూ ఏ జెండా కనిపించినా బావ "ఇది కూడా కోట గోడేనా?" అని అడుగుతూనే ఉన్నాడు.

రోతెన్‌బుర్గ్ అందంగా ఉందా అంటే ఉంది. గోడ మీద నడవడం ఉచితం, అదొక్కటి చేసినా వచ్చినందుకు సార్థకం. 1945 మార్చి 31న బాంబులు పడి ఊళ్లో కొంత భాగం, గోడలో కొంత భాగం కూలిపోయాయి, తర్వాత విరాళాలతో కట్టారు, అందుకే గోడ పొడవునా దాతల పేర్ల పలకలు కనిపిస్తాయి. మన గుళ్లో ఫ్యాన్ రెక్కల మీద పేర్లు రాసినట్టే అన్నాడు బావ. కానీ పగలు పదకొండు నుంచి నాలుగు దాకా ఊరు ఊరులా ఉండదు, టూరు బస్సుల జాతర. ష్నేబాల్ అని గుండ్రటి స్వీటు అన్ని షాపుల అద్దాల్లోనూ పెట్టి ఊరిస్తారు. కొన్నాం. మన కాజా ముందు అది దేనికీ పనికిరాదు.

బస మాత్రం పీడకల. పేరు చెప్పను. గోడ లోపల ఒక పాత పెన్షన్‌లో, అంటే చిన్న గెస్ట్‌హౌస్‌లో, రూము బుక్ చేశాను, చెక్-ఇన్ ఆరింటి దాకానే అని మెయిల్‌లో ఎక్కడో మూలన రాశారట. మేం చేరింది ఆరున్నరకి. ఫోన్ ఎత్తరు. తలుపు దగ్గర తాళంచెవి పెట్టే పెట్టె ఉంది కానీ కోడ్ లేదు. నలభై నిమిషాలు మెట్ల మీద కూర్చున్నాక ఎవరో పక్క రూము వాళ్లు బయటికి వస్తే లోపలికి దూరాం. ఆ చలిలో బావ మొహం చూడాల్సింది. మళ్లీ వెళ్తే పొద్దున వెళ్లి సాయంత్రం బస్సుల జనం పోయాక ఒక గంట తిరిగి, రాత్రికి ఇంకెక్కడికైనా వెళ్లిపోతాను.

రెండో రోజు మళ్లీ ఆన్స్‌బాఖ్ వచ్చి, డోంబ్యూల్ దాకా రైలు, అక్కణ్ణుంచి బస్సు. దారిలో ఫోయిష్ట్‌వాంగెన్‌లో దిగాం. పేరులో మొదటి ముక్క వింటే జర్మన్‌లో 'తేమ' అనిపిస్తుంది, వాపెన్ మీదేమో స్ప్రూస్ చెట్టు. ఆ చెట్టుని జర్మన్‌లో ఫిఖ్టె అంటారు, పేరు దగ్గరగా వినిపిస్తుంది కాబట్టి చెట్టు నాటేశారు. మాట్లాడే వాపెన్‌లతో ఇదే గమ్మత్తు, అవి చెప్పేది నిజం కావాలని లేదు, వినడానికి కుదిరితే చాలు. ఊరు ప్రశాంతంగా ఉంది, రెండు గంటలు సరిపోయింది. టాయిలెట్‌కి చిల్లర నాణేలు దగ్గర పెట్టుకోండి.

అక్కణ్ణుంచి డింకెల్స్‌బ్యూల్. నాలుగు రోజుల్లో ఏ ఊరికి మళ్లీ వెళ్తావంటే ఆలోచించకుండా ఇదే అంటాను. 'డింకెల్' అంటే గోధుమకి పెద్దమ్మ కూతురి లాంటి ఒక పాత ధాన్యం, 'బ్యూల్' అంటే గుట్ట. వాపెన్‌లో మూడు గుట్టల మీద మూడు బంగారు డింకెల్ కంకులు. ఊరి చుట్టూ గోడ ఏ మాత్రం చెక్కుచెదరకుండా ఉంది, లోపల రంగురంగుల ఇళ్లు, రోతెన్‌బుర్గ్‌లో ఉన్నవన్నీ ఇక్కడా ఉన్నాయి, జనం మాత్రం అందులో పదో వంతు కూడా లేరు. కారణం సింపుల్, మామూలు ప్యాసింజర్ రైలు ఈ ఊరికి రాదు. ఆదివారం బస్సులు మరీ తక్కువ, టైమ్ చూసుకోకపోతే ఇరుక్కుపోతారు.

ఇక్కడ యూత్ హాస్టల్‌లో దిగాం, పాత ధాన్యపు కొట్టునే హాస్టల్ చేశారు. కంకుల జెండా ఊళ్లో ధాన్యపు కొట్టులో నిద్ర, నాకు ఇంతకన్నా ఏం కావాలి! మందపాటి గోడలు, పెద్ద పెద్ద దూలాలు, దుప్పట్లు శుభ్రం, టిఫిన్ అందులోనే కలిపి. హోటల్ రేటులో సగం కూడా కాలేదు. మెంబర్‌షిప్ కార్డు తప్పనిసరి. బాత్రూమ్ కోసం నడవాలి, బావ దానికి గొణిగాడు కానీ ముందు రాత్రి మెట్లు గుర్తొచ్చి ఊరుకున్నాడు. పొద్దున టిఫిన్‌లో డింకెల్ రొట్టె తిన్నాం, పచ్చడి ఉంటే ఇంకా బాగుండేది.

సాయంత్రం ఖాళీగా ఉంటే బావకి కాస్త పాఠం చెప్పాను. బంగారం, వెండి రెండూ లోహాలు, వీటిని పసుపు, తెలుపుగా వేస్తారు. ఎరుపు, నీలం, నలుపు, ఆకుపచ్చ మాత్రం రంగులు. లోహం మీద లోహం వేయకూడదు, రంగు మీద రంగు వేయకూడదు. దూరం నుంచి డాలు గుర్తుపట్టాలి కాబట్టి ఈ నియమం. కుడి ఎడమలు కూడా డాలు పట్టుకున్నవాడి వైపు నుంచే, మనకి ఎడమవైపు కనిపించేది వాళ్లకి కుడి. జెండా చాలాచోట్ల వాపెన్ రంగుల పట్టీలే, మధ్యలో లేదా పైన డాలు, టౌన్ హాల్ మీద నిలువుగా వేలాడదీస్తారు. ఇంకొకటి, రాతి మీదా ఇనుము మీదా రంగు వేయలేరు కదా, అక్కడ గీతలే రంగులు. నిలువు గీతలైతే ఎరుపు, అడ్డ గీతలైతే నీలం, చుక్కలు బంగారం, ఖాళీగా వదిలేస్తే వెండి. ఇది తెలిశాక మ్యాన్‌హోల్ మూతలు కూడా చదవడం మొదలుపెడతారు. నవ్వుకోండి, పర్లేదు.

అన్ని ఊళ్ల వాపెన్‌లూ పాతవి అనుకోకండి. గోడలున్న పాత పట్టణాలవి వాళ్ల మధ్యయుగపు ముద్రల నుంచి వచ్చాయి. పల్లెటూళ్లవి చాలావరకు 20వ శతాబ్దంలో కూర్చుని గీయించుకున్నవే. 1970ల్లో బవేరియాలో గ్రామాలని కలిపేసినప్పుడు సుమారు 7,000 ఉన్నవి దాదాపు 2,050 అయ్యాయి. కలిసిన ఊళ్లకి కొత్త వాపెన్ కావాలి, ఒక ఊరి చెట్టు, ఇంకో ఊరి చర్చి తాళంచెవి, నది ఉంటే ఒక అల, అన్నీ ఒకే డాలులో ఇరికించారు. అందుకే కొన్ని కమిటీ మీటింగులో గీసినట్టు ఉంటాయి. హౌస్ డెర్ బయరిషెన్ గెషిఖ్టె అనే సంస్థ వెబ్‌సైట్‌లో బవేరియా ఊళ్లన్నిటి వాపెన్‌లూ, వాటి వెనక కథలూ ఉన్నాయి, నేను బస్సుల్లో అదే చదువుకుంటూ వెళ్లాను.

మూడో రోజు బస్సులో నెర్డ్‌లింగెన్. ఇది బవేరియాలోనే ష్వాబెన్ ప్రాంతం, ఫ్రాంకెన్ పళ్ల పార జెండాలు ఇక్కడికి వచ్చేసరికి మాయం. ఒకటిన్నర కోట్ల ఏళ్ల కిందట ఉల్క పడి ఏర్పడిన గుంటలో ఉంది ఈ ఊరు. గోడ మీద పైకప్పు ఉన్న దారిలో ఊరంతా చుట్టి రావచ్చు. డానియెల్ అనే చర్చి గోపురం 90 మీటర్లు, 350 మెట్లు, ఎక్కితే గుండ్రటి ఊరూ దాని చుట్టూ గుంట అంచూ కనిపిస్తాయి. రాత్రి పది నుంచి పన్నెండు దాకా అరగంటకోసారి పైనుంచి కాపలావాడు "జో, గ్జెల్, జో" అని కేకేస్తాడు. దాని వెనక కథ భలే ఉంటుంది. 1440లో శత్రువుకి అమ్ముడుపోయిన కాపలావాళ్లు రాత్రి గేటుకి గడియ పెట్టకుండా వదిలేశారట. ఒక పంది వచ్చి ఆ తలుపుకి ఒళ్లు రుద్దుకుంటే తలుపు కదిలింది, అటుగా పోతున్న ఒకావిడ చూసి కేకేసింది, ఊరు బతికింది.

మరి వాపెన్ మీద పంది ఉందా? లేదు. బంగారు డాలు మీద నల్ల గద్ద. ఊరిని కాపాడింది పంది, జెండా ఎక్కింది గద్ద! చక్రవర్తికి తప్ప ఇంకే ప్రభువుకీ లొంగని స్వతంత్ర నగరం అని చెప్పుకోవడానికి గద్ద. ఆ హోదా ముందు పంది ఎంత? ఉత్తరాన ష్వైన్‌ఫుర్ట్ అని ఇంకో ఊరుంది, పేరుకి అర్థమే 'పందుల రేవు' అని చెప్పుకోవచ్చు, వాళ్లూ స్వతంత్ర నగరమే, వాళ్ల డాలు మీద కూడా గద్దే, నీలం మీద తెల్లది. మన దగ్గర చాళుక్యులు, కాకతీయులు, విజయనగరం వాళ్లు వరాహాన్ని లాంఛనంగా పెట్టుకుని దర్జాగా తిరిగారు, వరాహాలని నాణేల పేరు కూడా అదే. ఈ మాట చెప్తే బావ, "వీళ్లకి దశావతారాలు తెలీవు కదరా" అన్నాడు.

నెర్డ్‌లింగెన్‌లో బస మామూలు హోటల్, చెప్పుకోదగ్గది లేదు, చెడ్డదీ కాదు. తిండికే ఇబ్బంది. ఆ రోజు సోమవారం, సగం రెస్టారెంట్లకి సెలవు, తెరిచి ఉన్న ఒక చోట కార్డు తీసుకోరు. చివరికి చీజ్ వేసిన ష్పెట్స్‌లె, అంటే గుడ్డు కలిపిన పిండితో చేసే నూడుల్స్ లాంటిది, తిన్నాం, గుడ్డు తినే శాకాహారులకి ఈ వైపు అదే దిక్కు.

నాలుగో రోజు డొనావ్యోర్త్‌లో రైలు మారాం, అక్కడి వాపెన్ రెండు తలల గద్ద, మన గండభేరుండమే అనుకున్నాం. ఔగ్స్‌బుర్గ్ పెద్ద నగరం, ఎరుపు తెలుపు డాలు మీద పచ్చటి పైన్ కాయ. అక్కడ ఇంకో రైలెక్కి రెండు గంటల్లో ఫ్యూసెన్.

జర్మన్‌లో 'ఫ్యూసె' అంటే పాదాలు. ఫ్యూసెన్ వాపెన్ మీద మూడు కాళ్లు, మోకాళ్ల దగ్గర వంగి చక్రంలా పరిగెడుతుంటాయి, శరీరం లేదు, తల లేదు. ఊరి పేరు లాటిన్‌లో 'ఇరుకు లోయ' అనే మాట నుంచి వచ్చిందంటారు, లెఖ్ నది అక్కడ నిజంగానే ఇరుకు సందులోంచి దూకుతుంది. కానీ లోయని డాలు మీద ఎలా గీస్తారు, కాళ్లయితే సులువు. నా లెక్కలో ఈ ట్రిప్‌లో ఫస్ట్ ప్రైజ్ దీనిదే. ఊరిని టూరిస్టులు కోటకి వెళ్లే బస్సు స్టాండులా వాడుకుని వెళ్లిపోతారు, పాపం, పాత వీధులు చాలా బాగుంటాయి.

కోట ఉన్నది ఫ్యూసెన్‌లో కాదు, పక్కనే ష్వాంగావ్ అనే చిన్న గ్రామంలో. 'ష్వాన్' అంటే హంస, వాపెన్ ఎర్ర డాలు మీద తెల్ల హంస. రెండో లుడ్విగ్ రాజు 1869లో కోట మొదలుపెట్టడానికి వందల ఏళ్ల ముందే ఇక్కడి ప్రభువుల గుర్తు హంస, ఆ వంశంలో హిల్ట్‌బోల్ట్ అనే కవిని పాత చేతిరాత ప్రతిలో హంసల డాలుతోనే బొమ్మ వేశారు. కోట టికెట్లు ముందే ఆన్‌లైన్‌లో తీసుకోవాలి, మేం తీసుకున్నాం, లోపల గుంపుగా గబగబా తిప్పి పంపేశారు. బావకి మాత్రం నచ్చింది, వంతెన మీద నుంచి నలభై ఫోటోలు తీశాడు.

చివరిగా జెండా కొనాలనుకునే వాళ్లకి. సావనీర్ షాపుల్లో ఊరి జెండా దొరకదు, దొరికేది ఫ్రిజ్ మ్యాగ్నెట్, నాకు దొరికిన ఒకదాని మీద ఎర్ర కోట గోధుమ రంగులో ఉంది. వాపెన్ ఊరి ఆస్తి, వాడుకోవాలంటే మున్సిపాలిటీ అనుమతి కావాలి, అందుకే ఎవరు పడితే వాళ్లు అచ్చేసి అమ్మరు. ఒక ఊళ్లో టూరిస్ట్ కౌంటర్లో అడిగితే ఆవిడ కాసేపు ఆలోచించి, సొరుగులోంచి వాపెన్ ఉన్న పిన్ను ఒకటి తీసి ఊరికే ఇచ్చేసింది. దాన్ని బావ తన చొక్కాకి పెట్టుకుని హైదరాబాద్ తీసుకుపోయాడు, నాకు ఇవ్వలేదు.