లిమా: హోటల్ బిల్లులో 18 శాతం, సోమవారం పప్పన్నం

పెరూ వెళ్లేవాళ్లు చాలామంది రాజధాని లిమాలో ఒక్క రాత్రి పడుకుని పొద్దున్నే, మాచు పిచ్చుకు దారి అయిన కుస్కో విమానం ఎక్కేస్తారు. దిగగానే కనిపించే బూడిదరంగు ఆకాశం, హారన్ల మోత చూసి అదే నయమనుకుంటారు కూడా. ఆ తొందర తప్పు. లిమాకు మూడు పగళ్లు ఇవ్వాలి, అందులో ఒకటి సోమవారమైతే మరీ మంచిది.

ముందు హోటల్ సంగతి. డబ్బు ఊరికే పోయేది అక్కడే. పెరూలో అమ్మకపు పన్ను మామూలుగా 18 శాతం, బిల్లు మీద ఐ.జి.వి. అని ఉంటుంది. ఆ దేశంలో నివాసం లేని, 60 రోజుల లోపు ఉండి వెళ్లిపోయే విదేశీయులు గది అద్దె మీద ఈ పన్ను కట్టనక్కర్లేదు. మినహాయింపు చట్టంలోనే ఉంది. అయినా అడగనివాళ్ల దగ్గర వసూలు చేసే హోటళ్లున్నాయి. గది 200 సోల్స్ (పెరూ కరెన్సీ) అయితే రాత్రికి 36, నాలుగు రాత్రులకు 144 సోల్స్. దాదాపు పది మధ్యాహ్న భోజనాల ఖర్చు! గదిలోకి వెళ్లకముందే పాస్‌పోర్ట్, దేశంలోకి వచ్చిన తేదీ ముద్ర చూపించి, కాపీ తీసుకోమని మీరే చెప్పండి. ముద్ర వేయకపోతే వలస శాఖ వెబ్‌సైట్‌లో దొరికే ప్రవేశ పత్రం ప్రింట్ ఇవ్వండి. బిల్లు పాస్‌పోర్ట్‌లో ఉన్న పేరు మీదే ఉండాలి. బిల్లు కొట్టాక మార్చమంటే ‘సిస్టమ్ ఒప్పుకోదు’ అంటారు, అందుకే ముందే తేల్చుకోవాలి. కొన్నిచోట్ల వేసే 10 శాతం సర్వీసు చార్జీ వేరు, దానికి ఈ మినహాయింపు లేదు.

గది తీసుకునేటప్పుడు కిటికీ తెరిచి చూడండి. చవక గదుల్లో చాలావాటికి కిటికీ వీధి వైపు ఉండదు, భవనం మధ్యలోని గాలి గొట్టం లాంటి సందులోకి ఉంటుంది. జూన్ నుంచి అక్టోబరు దాకా ఉండే చలి రోజుల్లో అలాంటి గది ముక్కిన వాసన కొడుతుంది, ఉతికిన బట్ట రెండు రోజులైనా ఆరదు. లిమా ఎడారి నగరం. పక్కనే పారే హంబోల్ట్ అనే చల్లటి సముద్ర ప్రవాహం వల్ల సముద్రం మీద మబ్బు కమ్ముకుంటుంది కానీ వాన కురవదు, ‘గరువా’ అనే సన్నటి తుంపర పడుతుందంతే. ఉష్ణోగ్రత 15 డిగ్రీల దగ్గరే ఉన్నా తేమ వల్ల చలి ఎముకలు కొరుకుతుంది, మామూలు హోటల్ గదుల్లో హీటర్ ఉండదు. అమెరికాలో పిల్లల దగ్గరికొచ్చి అట్నుంచి ఇటు వచ్చే అమ్మానాన్నలకు స్వెట్టర్ తప్పనిసరి. కనీసం ఆరు నెలల గడువున్న అమెరికా వీసా ఉంటే భారతీయ పర్యాటకులకు పెరూ వీసా అక్కర్లేదు.

విమానాశ్రయం లిమా పక్కనే ఉన్న కయావోలో ఉంది. అక్కడి నుంచి పర్యాటకులు ఎక్కువగా బస చేసే మిరాఫ్లోరెస్ పేటకు రద్దీ వేళ గంటన్నర పడుతుంది. వీధి టాక్సీలకు మీటర్ లేదు, ఎక్కకముందే ధర ఒప్పుకోవాలి. కొత్తవాళ్లకు యాప్ టాక్సీ మేలు. మిరాఫ్లోరెస్ నుంచి పాత నగరానికి మాత్రం టాక్సీ దండగ. ప్రత్యేక దారిలో పోయే మెట్రోపొలితానో బస్సుంది, ఒక్క కార్డుతో ఇంటిల్లిపాదీ ఎక్కవచ్చు. పొద్దున ఏడు నుంచి తొమ్మిది వరకు ఎక్కవద్దు, కాలు పెట్టే చోటుండదు, జేబులు జాగ్రత్త. చిన్న బస్సుల్లో కండక్టర్ మన షేర్ ఆటోవాళ్లలాగే దారి పేరు కేకేస్తుంటాడు. దిగాలంటే ‘బాహ’ అని గట్టిగా అనాలి.

ఇక తిండి. లిమా మనసు విప్పేది మధ్యాహ్నం ఒంటిగంటకే. చిన్న హోటల్లో కూర్చుని ‘మెనూ’ అనండి. ఇక్కడ ఆ మాటకు అర్థం ఆ రోజు భోజనం: ముందు సూప్ లాంటిదొకటి, తర్వాత అన్నంతో అసలు వంటకం, ఒక పానీయం, అన్నీ కలిపి 12 నుంచి 20 సోల్స్. వంటకాల పట్టిక కావాలంటే ‘కార్తా’ అనాలి, దాంట్లో అవే వంటకాలకు ధర ఎక్కువ. సోమవారం లిమా ఇళ్లలో, హోటళ్లలో లెంతేహాస్ వండటం ఆనవాయితీ. అంటే పొట్టు తీయని మైసూర్‌పప్పు, ఉల్లి, వెల్లుల్లి, జీలకర్రతో ఉడికించి తెల్లన్నం పక్కన పోస్తారు. తాలింపు లేదు, చింతపండు లేదు. నిమ్మచెక్క పిండి, బల్ల మీది ‘అహీ’ అనే మిరప పచ్చడి కలిపితే చాలు, రెండు రోజులుగా రొట్టె తిని ముభావంగా ఉన్న పెద్దవాళ్ల ముఖం విచ్చుకుంటుంది. శాకాహారులకు ఒక హెచ్చరిక: ‘సిన్ కార్నే’ అంటే గొడ్డు మాంసం వద్దన్నట్టే, కోడి వేసి తెస్తారు. కార్నే (గొడ్డు మాంసం), పోయో (కోడి), పెస్కాదో (చేప) మూడూ వద్దని విడివిడిగా చెప్పాలి. పప్పులో పంది కొవ్వు, ‘తోసీనో’, వేశారేమో కూడా అడగాలి. చేపలు తినేవాళ్లు సెవీచేను మధ్యాహ్నమే తినాలి. పొద్దున వచ్చిన చేపను నిమ్మరసంలో కలిపి వెంటనే పెట్టే వంటకం, మంచి దుకాణాలు సాయంత్రానికి మూసేస్తారు.

చూడాల్సినవాటిలో ముందు మిరాఫ్లోరెస్ మధ్యలోని వాకా పుక్యానా అనే పురాతన గుడి. పచ్చి ఇటుకలను అరలో పుస్తకాల్లా నిలబెట్టి, మధ్య సందులు వదిలి కట్టిన ఈ గుట్ట ఇంకాల కంటే వందల ఏళ్లు పాతది. ఆ సందులే భూకంపాలకు తట్టుకునేలా చేశాయి. పాత నగరంలో శాన్ ఫ్రాన్సిస్కో మఠం నేలమాళిగలో ఎముకలు గుండ్రంగా పేర్చి ఉంటాయి, ఫొటోలు తీయనివ్వరు.

సాయంత్రం మిరాఫ్లోరెస్ పక్క పేట బర్రాంకో వైపు వెళ్తే పికరోనెస్ వేయించే బండి వెతకండి. చిలగడదుంప, గుమ్మడి కలిపిన పిండిని కడియంలా నూనెలో వేసి, పైన చంకాకా పాకం పోస్తారు. చంకాకా అంటే మన బెల్లమే. వేడిగా ఉన్నప్పుడే తినాలి, చల్లారితే సాగుతాయి.