సుల్లా, సీజర్, అగస్టస్: రోమ్‌లో అధికారం నిలుపుకోవడానికి ఎవరి దారి మేలు?

క్రీ.పూ. మొదటి శతాబ్దంలో సొంత నగరమైన రోమ్ మీదికే సైన్యాన్ని నడిపించి అధికారం చేజిక్కించుకున్న వారిలో సుల్లా, జూలియస్ సీజర్, సీజర్ దత్తపుత్రుడు ఆక్టేవియన్ ముఖ్యులు. అధికారంలోకి వచ్చిన తీరులో ముగ్గురి మధ్య చెప్పుకోదగ్గ తేడా లేదు. ముగ్గురికీ దారి వేసింది కత్తే. వచ్చిన అధికారాన్ని ఏం చేశారన్న చోటే వారి దారులు వేరయ్యాయి. సుల్లా దాన్ని వదులుకున్నాడు, సీజర్ బాహాటంగా పట్టుకున్నాడు, తర్వాత అగస్టస్‌గా పేరుపొందిన ఆక్టేవియన్ పదవుల పేర్లు వదిలేసి పట్టు నిలుపుకున్నాడు. వీటిలో ఏది మేలో తేల్చేటప్పుడు పాలకుడి క్షేమాన్నీ, ఆ పాలన కింద బతికిన జనం క్షేమాన్నీ విడివిడిగా తూచాలి.

సుల్లా క్రీ.పూ. 82లో నియంత అయ్యాడు. చంపదగిన శత్రువుల పేర్లు రాయించి నడిబజారులో పెట్టించాడు. చంపినవారికి బహుమతి ఇచ్చి, చచ్చినవారి ఆస్తులు వేలం వేయించాడు. ఆ తర్వాత సెనేట్‌ను బలపరిచి, సామాన్యుల ప్రతినిధులైన ట్రిబ్యూన్ల అధికారాలకు కత్తెర వేసి, పని పూర్తయిందనుకుని పదవి నుంచి తప్పుకున్నాడు. క్రీ.పూ. 78లో చనిపోయాడు. ఎనిమిదేళ్లు తిరగకుండానే, ఒకప్పుడు అతని పక్షాన నిలిచిన పాంపే, క్రాసస్‌లే కాన్సుళ్లుగా (ఏటా ఎన్నికయ్యే ఇద్దరు అత్యున్నత అధికారులుగా) ఉండి ట్రిబ్యూన్ల అధికారాలను తిరిగి ఇచ్చేశారు. తప్పుకోవడం గొప్పతనంగా కనిపించవచ్చు గానీ, సైనికుడు తన ముసలితనానికి కావలసిన భూమి కోసం సేనాధిపతి ముఖం చూడవలసిన స్థితిని అతను మార్చలేదు. సైన్యంతో రోమ్‌ను పట్టుకోవచ్చని తాను చూపిన దారిని ఏ చట్టంతోనూ మూయలేకపోయాడు.

సీజర్ ఈ ముగ్గురిలోనూ మనసున్నవాడని నేను అనుకుంటాను. క్రీ.పూ. 49 జనవరిలో ఇటలీ సరిహద్దైన రూబికాన్ నదిని సైన్యంతో దాటి అంతర్యుద్ధం మొదలుపెట్టినా, గెలిచాక సుల్లాలా హత్యల జాబితాలు పెట్టలేదు. తనకు ఎదురుగా పోరాడిన బ్రూటస్‌ను, కాసియస్‌ను క్షమించి పదవులిచ్చాడు. అయితే క్షమాభిక్ష పొందినవాడు, క్షమించే హక్కు ఒక్కడి చేతిలోకే పోయిందని ప్రతిరోజూ గుర్తు చేసుకోవలసి వస్తుంది. పైగా తరతరాలుగా రోమ్ పెద్ద కుటుంబాలు కాన్సుల్ పదవినే జీవిత లక్ష్యంగా భావించేవి. క్రీ.పూ. 45 చివరి రోజున ఒక కాన్సుల్ హఠాత్తుగా చనిపోతే, మిగిలిన కొద్ది గంటల కోసం సీజర్ మరొకరిని ఆ పదవిలో కూర్చోబెట్టాడు. ఆ పదవిని అంత తేలిక చేయడం వారిని ఎంత నొప్పించిందో ఆనాటి వక్త, సెనేటర్ సిసెరో లేఖల్లో చూడవచ్చు. మరుసటి ఫిబ్రవరికి అతను శాశ్వత నియంత అయ్యాడు. గడువంటూ ఉంటే ఓపిక పట్టేవారికి ఇక ఎదురుచూడటానికి ఏమీ మిగలలేదు. మార్చి 15న సెనేట్ సమావేశంలోనే అతన్ని పొడిచి చంపారు.

అప్పటికి ఆక్టేవియన్‌కు 18 ఏళ్లు. అతని మొదటి అడుగులు సీజర్‌వి కావు, సుల్లావే. క్రీ.పూ. 43లో సీజర్ అనుచరులైన ఆంటోనీ, లెపిడస్‌లతో చేతులు కలిపి మళ్లీ హత్యల జాబితాలు పెట్టించాడు. సిసెరో ప్రాణం తీసింది ఆ జాబితాలే. బ్రూటస్, కాసియస్‌లను ఓడించిన ఫిలిప్పై యుద్ధం తర్వాత ఇటలీ రైతుల పొలాలు లాక్కుని సైనికులకు పంచాడు. అతని తర్వాతి సుపరిపాలనను మెచ్చుకునేవారు ఈ పుటలను దాటవేయడం నాకు అన్యాయంగా తోస్తుంది.

తర్వాత శత్రువుగా మారిన ఆంటోనీని ఆక్టియం దగ్గర ఓడించి, ఈజిప్టు సంపదను చేతికి తెచ్చుకున్నాక అతని అసలు నేర్పు బయటపడింది. క్రీ.పూ. 27 జనవరిలో అధికారాలన్నీ సెనేట్ ముందు పెట్టేశాడు. సెనేట్ అతనికి అగస్టస్ అన్న బిరుదుతో పాటు, సేనల్లో ఎక్కువ భాగం మోహరించి ఉన్న రాష్ట్రాలను పదేళ్లకు అప్పగించింది. క్రీ.పూ. 23లో, ఏటా తానే చేపడుతూ వచ్చిన కాన్సుల్ పదవిని కూడా వదిలి, ట్రిబ్యూన్ కాకుండానే ట్రిబ్యూన్ అధికారం పుచ్చుకున్నాడు. ఏ నిర్ణయాన్నయినా ఆపే హక్కు దానితో వచ్చింది; తన ఒంటి మీద చెయ్యి వేయరాదన్న పవిత్రత అంతకు ముందే దక్కింది. పెద్ద కుటుంబాలకు కాన్సుల్ పీఠం మళ్లీ ఖాళీ అయింది. సీజర్ తెలియక కోల్పోయినది ఇదే. మరుసటి ఏడాది తిండిగింజల కరువులో జనం నియంతగా ఉండమని పట్టుబట్టితే, మోకాళ్ల మీద కూలబడి వద్దని వేడుకున్నాడు. ధాన్యం సరఫరా బాధ్యత మాత్రం తీసుకుని కరువు తీర్చాడు.

వీటన్నిటికంటే సైనికుల విషయంలో చేసిన మార్పే లోతైనదని నా నమ్మకం. తర్వాతి కాలంలో అతను పొలాలు లాక్కోకుండా డబ్బిచ్చి కొన్నాడు. ఇటలీ భూములకే దాదాపు 60 కోట్ల సెస్టర్సులు (రోమన్ నాణేలు) ఖర్చు చేసినట్టు తన శాసనంలో చెప్పుకున్నాడు. క్రీ.శ. 6లో తన సొమ్ము 17 కోట్లు వేసి ప్రత్యేక సైనిక ఖజానా నెలకొల్పి, వారసత్వాల మీద 5 శాతం, వేలం అమ్మకాల మీద 1 శాతం పన్నుతో దాన్ని నడిపించాడు. విరమించిన సైనికుడికి అందే మొత్తం ఇక సేనాధిపతి దయ మీద ఆధారపడలేదు. సుల్లా వదిలేసిన, సీజర్‌కు తీరిక దొరకని సమస్య ఇది.

కాబట్టి పాలకుడి ప్రాణానికైనా, పొలం దున్నుకునే ఇటలీ రైతుకైనా, సుంకాలు కట్టే రాష్ట్రాలకైనా మూడో దారే మేలని ఒప్పుకోక తప్పదు. సెనేట్‌లో స్వేచ్ఛగా మాట్లాడగల మనిషికి మాత్రం అది నెమ్మదిగా ఊపిరి తీసిన దారి. దానిలో మరో లోటు కూడా ఉంది. పేరుకు రాజరికం లేదు గనుక వారసుడిని నిర్ణయించే చట్టమూ లేదు. అగస్టస్ తన మనవలు గైయస్, లూసియస్‌లను వారసులుగా చూపుతూ వెండి నాణేలు వేయించాడు. దక్షిణ భారతంలో దొరికే రోమన్ వెండి నాణేల్లో అతి తరచుగా కనిపించే రకాల్లో అది ఒకటి. ఆ నాణేలు ఇంత దూరం ప్రయాణించాయి గానీ, మనవలిద్దరూ తాత కంటే ముందే చనిపోయారు. క్రీ.శ. 14లో అధికారం సవతి కొడుకు టిబేరియస్‌కు దక్కింది. క్రీ.శ. 68లో ఆ వంశపు చివరి చక్రవర్తి నీరో వారసుడు లేకుండా పోగానే, ఏడాదిన్నర లోపే నలుగురు చక్రవర్తులు మారారు, సేనలు మళ్లీ రోమ్ దారి పట్టాయి.