అప్రెంటిస్‌షిప్ ఇండియా పోర్టల్ సమీక్ష: కాంట్రాక్ట్ నంబర్ చేతికొచ్చాకే గేటు దాటండి

ఐటీఐ పూర్తిచేసిన పిల్లలు ఆర్టీసీ డిపోలో చేరినా, రైల్వే వర్క్‌షాప్‌లో చేరినా, పటాన్‌చెరు ఫ్యాక్టరీలోనో శ్రీసిటీ కంపెనీలోనో చేరినా, వాళ్ల అప్రెంటిస్‌షిప్ (పని చేస్తూ నేర్చుకునే శిక్షణ) ఒప్పందం చివరకు నమోదయ్యేది ఒక్కచోటే. అది కేంద్ర నైపుణ్యాభివృద్ధి శాఖ నడిపే అప్రెంటిస్‌షిప్ ఇండియా పోర్టల్. డబ్బు అడగని సేవ ఇది. ఒప్పందాన్ని నమోదు చేసి, నంబరు ఇచ్చి, స్టైపెండ్‌లో (శిక్షణ కాలంలో నెలనెలా ఇచ్చే భత్యంలో) ప్రభుత్వ వాటా నేరుగా అభ్యర్థి ఖాతాలో వేసే వరకు దీని పని బాగుంది. ఏ సంస్థలో నిజంగా పని నేర్పుతారో చెప్పే విషయంలో, ఇబ్బంది వస్తే ఎవరి దగ్గరికి వెళ్లాలో చూపే విషయంలో బాగా వెనకబడింది. 5కి 3 మార్కులు. ఆ పోయిన 2 మార్కుల భారం మోసేది 18 ఏళ్ల పిల్లలు గనుక వాటి గురించే ఎక్కువ చెప్పాలి.

ముందుగా పోర్టల్ సరైనదేనా చూసుకోండి. ఐటీఐ వాళ్లకు, టెన్త్, ఇంటర్‌తో ఆగిన వాళ్లకు ఇదే. పాలిటెక్నిక్ డిప్లొమా, బీటెక్, డిగ్రీ వాళ్ల కోసం విద్యాశాఖ నడిపే నాట్స్ అనే పోర్టల్ వేరే ఉంది. రెండు తెలుగు రాష్ట్రాలకు దాని వ్యవహారం చెన్నైలోని దక్షిణ ప్రాంత అప్రెంటిస్‌షిప్ శిక్షణ బోర్డు చూస్తుంది. రెండింటికీ మూలం 1961 నాటి అప్రెంటిసుల చట్టమే. డిగ్రీ వాళ్లు ఆప్షనల్ ట్రేడ్ (సంస్థే నిర్ణయించుకునే శిక్షణ) కింద మొదటి పోర్టల్లో కూడా చేరవచ్చు. చట్టం ఒకటైనప్పుడు దారులు రెండెందుకో అర్థం కాక చాలామంది రెండిట్లోనూ సగం సగం నమోదు చేసుకుని వదిలేస్తున్నారు. నోటిఫికేషన్లో ఏ పోర్టల్ పేరుందో చూసి ఆ ఒక్కదాన్నే పూర్తిచేయండి.

నమోదులో అసలు చిక్కు పేరు దగ్గర వస్తుంది. మన టెన్త్ మెమోలో ఇంటిపేరు ముందు, పూర్తిగా ఉంటుంది. ఆధార్‌లో అదే ఇంటిపేరు ఒక్క అక్షరంగా, కొన్నిసార్లు పేరు చివర ఉంటుంది. ఐటీఐ రికార్డులో మూడో రకంగా ఎక్కుతుంది. ఆధార్ ఈకేవైసీ అయ్యాక పోర్టల్ ఆధార్‌లోని పేరునే తీసుకుంటుంది, ఐటీఐ వివరాలతో అది కలవకపోతే దరఖాస్తు అక్కడే ఆగుతుంది. మెమోను ఆధారంగా పెట్టుకుని ముందు ఆధార్ సరిచేయించుకోండి. ఆధార్‌లో పేరు మార్చుకునే అవకాశం రెండుసార్లే ఇస్తారు, పుట్టిన తేదీకైతే ఒక్కసారే. ఆధార్ కేంద్రంలో ఆపరేటర్ టైప్ చేసింది అక్షరం అక్షరం చదివాకే సరే అనండి. ఐటీఐ రికార్డులోని తప్పును ప్రిన్సిపల్ ద్వారానే దిద్దించుకోవాలి గనుక సర్టిఫికెట్ తీసుకున్న రోజే చూసుకోవాలి. నోటిఫికేషన్ పడ్డాక మొదలుపెడితే గడువు లోపల తెమలదు. ఆధార్‌కు కలిపిన ఫోన్ నంబరు పనిచేస్తూ ఉండాలి, ఓటీపీలు దానికే వస్తాయి. నెట్ సెంటర్ వాళ్ల నంబరు, వాళ్ల మెయిల్ ఐడీ ఎప్పుడూ ఇవ్వవద్దు. తర్వాత సంస్థ పంపే ఆఫర్ కూడా అటే పోతుంది.

రెండో చిక్కు బ్యాంకు. ఖాతాకు ఆధార్ ఇచ్చాం కదా అని ధీమాగా ఉంటారు. కేవైసీ కోసం ఆధార్ ఇవ్వడం వేరు, ప్రభుత్వ డబ్బు పడేందుకు ఆధార్‌ను ఆ ఖాతాకు సీడింగ్ చేయించడం వేరు. బ్యాంకుల మధ్య చెల్లింపులు నడిపే ఎన్‌పీసీఐ జాబితాలో ఒక ఆధార్‌కు ఒకే బ్యాంకు ఉంటుంది, చివరగా ఏ బ్యాంకు సీడ్ చేస్తే అదే. సిమ్ కార్డు తీసుకునేటప్పుడు దుకాణంలో వేలిముద్ర వేయించి పేమెంట్స్ బ్యాంకు ఖాతా తెరిచి ఉంటే డబ్బు అందులో పడుతుంది, పిల్లవాడు మాత్రం గ్రామీణ బ్యాంకు పాస్‌బుక్ పట్టుకుని తిరుగుతుంటాడు. ఆధార్ వెబ్‌సైట్లో బ్యాంక్ సీడింగ్ స్టేటస్ అనే చోట రెండు నిమిషాల్లో ఇది తెలిసిపోతుంది. బ్యాంకు పేరు వేరేది కనిపిస్తే మీ బ్యాంకు శాఖలో డీబీటీ (ప్రభుత్వ డబ్బు నేరుగా ఖాతాలో పడే పద్ధతి) సీడింగ్ అంగీకార పత్రం ఇవ్వండి.

స్టైపెండ్ లెక్క తెలియక వచ్చే గొడవలే ఎక్కువ. 2019 సవరణ ప్రకారం కనీస మొత్తం టెన్త్ పాసైన వాళ్లకు నెలకు 6,000, ఐటీఐ సర్టిఫికెట్ ఉన్నవాళ్లకు 7,000, డిప్లొమాకు 8,000, డిగ్రీకి 9,000 రూపాయలు. రెండో ఏడాది 10 శాతం, మూడో ఏడాది 15 శాతం పెంచాలి. దీన్ని 36 శాతం పెంచాలని 2025 మేలో కేంద్ర అప్రెంటిస్‌షిప్ మండలి సిఫార్సు చేసింది. అందుకే సంతకం పెట్టే రోజున అమల్లో ఉన్న రేటు ఎంతో చూసుకోవాలి. 2016లో మొదలైన జాతీయ అప్రెంటిస్‌షిప్ ప్రోత్సాహక పథకం కింద ఇందులో 25 శాతం కేంద్రం భరిస్తుంది, గరిష్ఠంగా నెలకు 1,500. అంటే 7,000 వచ్చే ఐటీఐ అభ్యర్థికి 25 శాతం 1,750 అయినా కేంద్రం ఇచ్చేది 1,500, మిగతా 5,500 సంస్థ ఇవ్వాలి. 2023 ఆగస్టు నుంచి ఈ ప్రభుత్వ వాటా నేరుగా అభ్యర్థి ఖాతాలోకే వస్తోంది. నాట్స్‌లో ప్రభుత్వ వాటా కనీస స్టైపెండ్‌లో సగం.

డబ్బు రెండు ముక్కలుగా, రెండు వేర్వేరు రోజుల్లో పడుతుందని చేరే ముందు ఎవరూ చెప్పరు. 5,500 చూసి కంపెనీ కోసేసిందని మానేసిన వాళ్లున్నారు. స్టైపెండ్ తర్వాతి నెల 10వ తేదీలోపు ఇవ్వాలన్నది నిబంధన. ప్రభుత్వ వాటా కదలాలంటే మాత్రం సంస్థ ముందు హాజరు, చెల్లింపు వివరాలు పోర్టల్లో ఎక్కించాలి. అక్కడ ఆలస్యం చేస్తే మీ 1,500 ఆగిపోతుంది. మీ ఆధార్ సీడింగ్ సరిగ్గా ఉండి కూడా నెలల తరబడి డబ్బు పడకపోతే కారణం సాధారణంగా ఇదే. హెచ్ఆర్ వాళ్లను "స్టైపెండ్ ఎప్పుడు?" అని అడిగితే సరైన జవాబు రాదు, "ఫలానా నెల హాజరు పోర్టల్లో ఎక్కించారా అండీ?" అని అడగండి.

ఇక కాంట్రాక్ట్. దరఖాస్తు చేశాక సంస్థ ఆఫర్ పంపుతుంది, మీరు లాగిన్ అయి అంగీకరించాలి, ఆ తర్వాత ఒప్పందం తయారై ఇద్దరి ఆమోదంతో నమోదవుతుంది. 18 ఏళ్లు నిండని వాళ్లకు తల్లిదండ్రులో సంరక్షకులో సంతకం చేయాలి. నమోదయ్యాక కాంట్రాక్ట్ నంబర్ వస్తుంది. "ముందు పనిలో చేరు బాబూ, పేపర్లు తర్వాత చూద్దాం" అన్నచోట చేరవద్దు. నంబరు లేకుండా చేసిన రోజులు శిక్షణలోకి రావు, ప్రభుత్వ వాటా రాదు, పరీక్షకు పనికిరావు. ఒప్పందం చేతికొచ్చాక ట్రేడ్ పేరు, మొదలు తేదీ, ముగింపు తేదీ, స్టైపెండ్ నాలుగూ చదవండి. ఫిట్టర్ చదివిన పిల్లవాణ్ని ఏదో ఆప్షనల్ ట్రేడ్ కింద ఎక్కిస్తే ఏడాది తర్వాత వచ్చే సర్టిఫికెట్ మీద ఫిట్టర్ అని ఉండదు. అప్పుడు వగచి లాభం లేదు.

అప్రెంటిస్ సీటు ఇప్పించడానికి మధ్యవర్తులకు డబ్బు ఇచ్చే పని లేదు. కాంట్రాక్టు సిబ్బందితో కలిపి 30 మంది, అంతకుమించి ఉన్న సంస్థ తన సిబ్బందిలో 2.5 నుంచి 15 శాతం దాకా అప్రెంటిసులను తీసుకోవడం తప్పనిసరి. ఆ సీట్లు వాళ్లు నింపాల్సినవే.

లోపలికి వెళ్లాక చట్టం దృష్టిలో మీరు శిక్షణార్థి, కార్మికుడు కాదు. అందుకే పీఎఫ్, ఈఎస్ఐ వర్తించవు. స్లిప్పులో పీఎఫ్ కోత కనిపిస్తే మిమ్మల్ని అప్రెంటిస్‌గా నమోదు చేయలేదని అనుమానించాలి. పనిగంటలు సంస్థ నిర్ణయిస్తుంది, ఓవర్‌టైమ్ మాత్రం అప్రెంటిస్‌షిప్ సలహాదారు (ఈ చట్టం అమలు చూసే ప్రభుత్వ అధికారి) అనుమతి లేకుండా చేయించకూడదు. ఫ్యాక్టరీలకు ఉన్న ఆరోగ్య, భద్రత నిబంధనలు మీకూ వర్తిస్తాయి, శిక్షణలో ప్రమాదం జరిగితే పరిహారం సంస్థ బాధ్యత. వచ్చిన రోజు నుంచే ప్రొడక్షన్ లైన్లో నిలబెట్టి ఏడాదంతా ఒకే బోల్టు బిగించే పని చెప్పే చోట్లు ఉన్నాయి. అలాంటి చోట ఏడాది గడిపిన ఫిట్టర్‌కు స్క్రేపింగ్ రాదు, అలైన్‌మెంట్ రాదు. పోర్టల్లో సంస్థ పేరు, ఖాళీలు, స్టైపెండ్ కనిపిస్తాయి. ఏ విభాగాల్లో ఎన్ని వారాలు తిప్పుతారు, అంతకుముందు బ్యాచ్‌లో ఎంతమంది పరీక్ష పాసయ్యారు అన్నది కనిపించదు. పిల్లలకు నిజంగా కావలసిన వివరం అదే.

నేర్చుకోవడానికి మోటారు, డీజిల్ మెకానిక్ వాళ్లకు ఆర్టీసీ డిపోను మించిన చోటు మన దగ్గర అరుదు. బ్రేక్ లైనర్లు, క్లచ్ ప్లేట్లు, ఇంజెక్టర్లు, స్ప్రింగ్ పట్టీలు ఏడాది పొడవునా చేతుల మీదుగా పోతాయి. సాయంత్రం డిపోకు వచ్చిన బస్సు తెల్లారేసరికి రోడ్డెక్కాలి గనుక తప్పును వెతికే వేగం కూడా వస్తుంది. ఈ నైపుణ్యం ఆర్టీసీకే పరిమితం కాదు. మన రాష్ట్రాల్లో స్కూలు బస్సుల ఫిట్‌నెస్ గడువు ఏటా మే 15తో ముగుస్తుంది, జూన్లో బడులు తెరిచేలోపు ఆ బస్సులన్నీ మళ్లీ తనిఖీకి వెళ్లాలి. ఆ నెల రోజుల్లో బ్రేకులు విప్పి చూసే చేతులు సరిగ్గా నేర్చుకున్నవై ఉండాలి. పిల్లల బస్సు భద్రత గురించి మాట్లాడే వాళ్లెవరూ మెకానిక్ ఎక్కడ నేర్చుకున్నాడని అడగకపోవడం బాధగా ఉంటుంది.

ఉద్యోగం మీద చూపున్న వాళ్లకు రైల్వే మేలు. దక్షిణ మధ్య రైల్వే 2024 డిసెంబరు చివర్లో 4,232 అప్రెంటిస్ ఖాళీలు ప్రకటించింది. రాతపరీక్ష లేదు, టెన్త్, ఐటీఐ మార్కుల సగటే ఎంపిక. రైల్వేలో శిక్షణ ముగించిన వాళ్లకు లెవెల్-1 (పాత గ్రూప్-డి) నియామకాల్లో 20 శాతం కేటాయింపు ఉంది, అయితే ఆ పరీక్ష రాయాల్సిందే. మిగతా చోట్ల శిక్షణ అయ్యాక ఉద్యోగం ఇచ్చి తీరాలన్న నిబంధన లేదు. ప్రతి సంస్థకూ ఈ విషయంలో ఒక విధానం ఉండాలని మాత్రం చట్టం అంటుంది. అదేమిటో ఇంటర్వ్యూలోనే అడగండి.

ప్రయాణం ఖర్చును అందరూ తక్కువ అంచనా వేస్తారు. కనీస స్టైపెండ్‌లో ప్రయాణానికి, గదికి విడిగా ఏమీ కలపలేదు. తెలంగాణలో మహాలక్ష్మి, ఆంధ్రప్రదేశ్‌లో స్త్రీశక్తి వల్ల అమ్మాయిలకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో టికెట్ లేదు గనుక 7,000లో కొంత మిగులుతుంది. అబ్బాయిలు గది అద్దె, బస్సు, మెస్ మూడూ కలిపి లెక్కవేస్తే ఊరికి దగ్గరి చిన్న సంస్థే నయం అనిపించవచ్చు. అక్కడ పని నేర్పేవాళ్లుంటే అలాగే చేయండి. ఇంత తెలిసీ నగరానికీ పల్లెకూ ఒకే కనీస స్టైపెండ్ పెట్టడం ఈ విధానంలో పెద్ద లోపం.

డిజిగ్నేటెడ్ ట్రేడ్‌లో (ఫిట్టర్ లాంటి ప్రభుత్వం ప్రకటించిన ట్రేడ్‌లో) చేరిన వాళ్లకు చివర్లో అఖిల భారత ట్రేడ్ పరీక్ష, పాసైతే జాతీయ అప్రెంటిస్‌షిప్ సర్టిఫికెట్. చాలామంది స్టైపెండ్ ఆగగానే ఊరికి వెళ్లిపోయి పరీక్ష వదిలేస్తారు. అసిస్టెంట్ లోకో పైలట్ పోస్టుకు టెన్త్‌తో పాటు ఐటీఐ గానీ పూర్తిచేసిన అప్రెంటిస్‌షిప్ గానీ అర్హతగా తీసుకుంటారు, ఆ పూర్తిచేయడం అంటే ఈ సర్టిఫికెటే. మీ ముగింపు తేదీ పరీక్ష కటాఫ్ తేదీ దాటితే తర్వాతి విడత దాకా ఆగాలి. ఒప్పందం ఆలస్యంగా నమోదైతే జరిగే అసలు నష్టం ఇక్కడ బయటపడుతుంది.

ఫిర్యాదు ఎక్కడ పెట్టాలన్నది సంస్థను బట్టి మారుతుంది. కేంద్ర ప్రభుత్వ సంస్థలు, నాలుగు లేదా అంతకన్నా ఎక్కువ రాష్ట్రాల్లో వ్యాపారం చేసే సంస్థలు కేంద్రం పరిధిలోకి వస్తాయి, వాటి సంగతి హైదరాబాద్‌లోని ప్రాంతీయ నైపుణ్యాభివృద్ధి డైరెక్టరేట్ చూస్తుంది. మిగతావి రాష్ట్ర ఉపాధి, శిక్షణ శాఖ పరిధిలోవి, వాటికి జిల్లా కేంద్రంలోని ప్రభుత్వ ఐటీఐ ప్రిన్సిపల్‌ను మొదట కలవండి. ఈ తేడా తెలియక ఫిర్యాదు ఒక ఆఫీసు నుంచి ఇంకో ఆఫీసుకు తిరుగుతూ ఏడాది అయిపోతుంది. వెళ్లేటప్పుడు కాంట్రాక్ట్ ప్రతి, నెలవారీ హాజరు స్క్రీన్‌షాట్లు, బ్యాంకు స్టేట్‌మెంట్, ఆధార్ సీడింగ్ స్టేటస్ ప్రింటు తీసుకెళ్లండి. అర్జీ మొదటి వరుసలో కాంట్రాక్ట్ నంబర్ రాయండి.