వెదురు వచ్చింది, పిల్లి రాలేదు

బెంగళూరు మల్లేశ్వరం నుంచి గ్రీన్ లైన్ మెట్రోలో జయనగర్ వెళ్లి, కాసేపు నడిస్తే ఒక ఇంటి మేడ మీద ఈ క్లాసు. నేర్పేది సుమి-ఎ, అంటే జపాన్ వాళ్ల సిరా బొమ్మలు. నాలుగు ఆదివారాలు, రోజుకు మూడు గంటలు, సామానుతో కలిపి ఆరు వేలు. పిల్లలిద్దరూ హాస్టళ్లకు వెళ్లాక ఆదివారం మధ్యాహ్నాలు గడవక చేరాను.

మొదటి గంటంతా సిరా నూరడమే. నల్లటి కడ్డీ ఇచ్చి, రాతి పలక మీద నాలుగు నీటి చుక్కలు వేసి, గుండ్రంగా అరగదీయమన్నారు. సాన మీద గంధం తీసిన చేతికి ఇదేం కొత్త! కాస్త కర్పూరం లాంటి వాసన కూడా వచ్చింది. మసిని జంతువుల జిగురుతో కలిపి ఆ కడ్డీ చేస్తారని టీచర్ చెప్పగానే పక్కనున్న నెల్లూరావిడ చెయ్యి వెనక్కి తీసేసుకున్నారు. "ఇంటికెళ్లి తలస్నానం చేద్దాంలెండి వదినగారూ" అంటే నవ్వి మళ్లీ పట్టుకున్నారు.

తర్వాత వెదురు. నేను హిందూపురం పిల్లని, చుక్కల ముగ్గు కళ్లు మూసుకుని వేస్తాను. ఆ అలవాటే ఇక్కడ అడ్డొచ్చింది. ముగ్గులో గీత మొదటి నుంచి చివరిదాకా ఒకే లావుండాలి. ఇక్కడ లావు మారకపోతే అది ఆకు కాదు, అగ్గిపుల్ల. కుంచెను ముందు పలచని సిరాలో పూర్తిగా ముంచాలి. తర్వాత సగం దాకా ఇంకాస్త చిక్కటి సిరాలో, ఆఖరికి మొన మాత్రం కటిక నలుపులో. గుడ్డకు అద్ది, కుంచెను పక్కకు వాల్చి కింది నుంచి పైకి తోస్తే ఒక్క గీతలోనే కాండం గుండ్రంగా తేలుతుంది. ఒక అంచు నలుపు, రెండో అంచు వెలుగు. కణుపు దగ్గర ఆగి, కుంచె ఎత్తి, సన్నటి ఖాళీ వదిలి మళ్లీ మొదలుపెట్టాలి. ఆకుకైతే మొన ఆనించి, నొక్కి, లాగుతూ లేపేయాలి. దిద్దుదామంటే కుదరదు. కాగితం సిరాను పీల్చేస్తుంది, రెండోసారి కుంచె పెడితే మచ్చే. ఓ యాభై ఆకులు పారేశాక ఒకటి కుదిరింది. ఫోటో తీసి పెద్దమ్మాయికి పంపితే "మామిడాకా అమ్మా?" అంది.

ఈ రెండు వారాలకే నా ఆరు వేలూ గిట్టుబాటయ్యాయి. టీచర్ కన్నడ, ఇంగ్లీషు కలిపి మాట్లాడతారు. మన చెయ్యి పట్టుకుని గీయించరు, పక్కన కూర్చుని తనూ ఒకటి వేస్తారు. చూసి నేర్చుకోవాల్సిందే.

పేచీ అంతా జంతువుల దగ్గరే. మూడో వారం పాత చిత్రకారుల బొమ్మలు చూపించారు. ఇతో జకుచూ (1716–1800) క్యోటోలో కూరగాయల టోకు వ్యాపారుల ఇంట పుట్టినవాడు, ఇంట్లో కోళ్లు పెంచి వాటిని చూస్తూ వేసేవాడట. మొరి సొసెన్ (1747–1821) కోతులకు పేరు. జపాన్‌లో పులుల్లేవు కాబట్టి అప్పటివాళ్లు తోళ్లనూ పిల్లులనూ చూసి పులిని వేసేవారట. బన్నేరుఘట్ట జూకు బస్సెక్కితే పులి కనిపించే ఊళ్లో ఉండి నాకు పిల్లి కూడా రాలేదు, అది వేరే సంగతి.

ఒక్క పూటలో పిచ్చుక, పిల్లి, కోతి మూడూ అంటే ఎలా? కుంచె మొనను చీల్చి, కింద వేసిన పలచటి రంగు తడి ఆరకముందే బొచ్చు గీయాలి. అప్పుడే మెత్తగా కలుస్తుంది. సరిగ్గా ఆ రోజే జపాన్ కాగితం అయిపోయిందని మామూలు డ్రాయింగ్ షీట్లు చేతిలో పెట్టారు. సిరా ఇంకదు, బొచ్చు ముళ్లలా నిలబడింది. నా పిల్లి పనసకాయ అయింది. కోతికి మా మేడ మీద వడియాలు ఎత్తుకెళ్లే కోతి తోకంత పొడుగు పెట్టాను. జపాన్ కోతికి తోక పొట్టి అని టీచర్ మెల్లగా చెప్పారు. కాగితం సంగతి అడిగితే వచ్చే వారం సర్దుతామన్నారు, నాలుగో వారమూ అవే షీట్లు. సామానుకీ డబ్బు తీసుకున్నప్పుడు ఇది బాగాలేదు.

ఆకులూ కొమ్మలూ నేర్చుకోవాలంటే నిశ్చింతగా చేరండి. కాగితం ఎంత ఇస్తారో ముందే అడగండి. కింద కూర్చోవాలి, మోకాళ్ల నొప్పులున్నవాళ్లు దిండు తీసుకెళ్లండి. జంతువులకు విడిగా నాలుగు వారాలు పెడితే నేనూ, నెల్లూరు వదినగారూ మళ్లీ డబ్బు కడతామని చెప్పి వచ్చాం.