కుట్టు షాపులో సెట్ టాప్ బాక్స్: వాడి చెబుతున్న మాట

గాజువాకలో నాది లేడీస్ టైలరింగ్ షాపు, వెనక గదుల్లోనే కాపురం. 2013 మార్చి 31లోగా కేబుల్ టీవీ డిజిటల్‌కి మారాలని కేంద్రం గడువు పెట్టిన 38 నగరాల్లో విశాఖ కూడా ఉంది. అప్పుడు మా కేబుల్ అబ్బాయి బిగించిన బాక్సే షాపులోని పాత డబ్బా టీవీకి ఇంకా నడుస్తోంది.

బొమ్మకి నూటికి నూరు మార్కులు. కేబుల్ లైను చివర్లో ఉంటాం కాబట్టి డిజిటల్‌కి ముందున్న పాత అనలాగ్ రోజుల్లో సగం ఛానెళ్లు చుక్కలు చుక్కలుగా వచ్చేవి. ఇప్పుడు కస్టమర్ తెర వైపు చూపించి "అక్కా, ఆవిడ జాకెట్టుకున్న మెడ నాక్కావాలి" అంటే పైపింగ్‌తో సహా కనిపిస్తుంది.

కాకపోతే మిషన్ మీద కూర్చున్నాక నేను టీవీ చూసేది తక్కువ, వినేది ఎక్కువ. పాత పద్ధతిలో సిగ్నల్ తగ్గి బొమ్మ మసకేసినా మాట వినబడేది. డిజిటల్‌లో ఒక హద్దు దాకా ఏ తేడా తెలియదు. ఆ హద్దు దాటితే బొమ్మ గళ్లు గళ్లుగా విడిపోతుంది, మాట తెగిపోతుంది, ఆ తర్వాత ఏమీ రాదు. చాలాసార్లు బాక్సు వెనక కేబుల్ పిన్ను బిగిస్తే సర్దుకుంటుంది.

నాకు నచ్చనిది రెండో టీవీ ఖర్చు. ఇదివరకు ఒకే వైరుకి స్ప్లిటర్ పెట్టి షాపులో, ఇంట్లో చూసుకునేవాళ్లం. ఇప్పుడు టీవీకో బాక్సు, బాక్సుకో బిల్లు. కేబుల్ వాళ్లు కనెక్షన్లు తక్కువ చూపించి పన్ను ఎగ్గొట్టడం ఆగాలంటే లెక్క పక్కాగా ఉండాలి, ఒప్పుకుంటాను. కానీ ఒకే ఇంట్లో రెండో టీవీకి నెట్‌వర్క్ ఫీజు (ఛానెళ్ల ధర కాక కనెక్షన్‌కి కట్టేది) మొదటి టీవీ ఫీజులో 40 శాతం మించకూడదని టెలికాం, కేబుల్ నియంత్రణ సంస్థ ట్రాయ్ చెప్పింది 2020లో. ఆ మాట మొదట్లోనే చెప్పాల్సింది. మనకి కావలసిన ఛానెళ్లకే డబ్బు కట్టే పద్ధతి కూడా 2019 ఫిబ్రవరి దాకా రాలేదు.

పెద్దవాళ్లకి రెండు రిమోట్లు నిజంగా కష్టం. మా అత్తయ్య టీవీ రిమోట్‌తో ఛానెల్ మార్చబోతే బాక్సు బొమ్మ చూపించే ఏవీ మోడ్ పోయి నీలం తెర వచ్చేది, పాపం కంగారుపడిపోయేవారు. పవర్, వాల్యూమ్ బటన్లు మాత్రమే బయటికి ఉండేలా ఆ టీవీ రిమోట్‌కి గుడ్డ తొడుగు కుట్టిచ్చాను. మీ ఇంట్లో పెద్దవాళ్లుంటే ఇలా చేసి చూడండి, పాత చుడీదార్ ముక్క చాలు.